మీ బావా నేనూ విడిపోయాం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

కాలినడకన యాత్ర మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. కొండ చేరడానికి ఇంకా పదిహేను రోజుల దారి ఉంది. నా కాళ్ళు బాగానే ఉన్నాయి కానీ మీ బావతో వేగడమే నావల్ల కావట్లేదు. వాచీలు బాగుచేసే మనిషి కదా! దారిలో ఏ గోడగడియారం తప్పు చూపించినా స్టూలు అడిగి మరీ ఎక్కేస్తారు. నిన్న ఓ మంగలిషాపులో గడియారం విప్పుకుని కూర్చున్నారు. "ఐదు నిమిషాల్లో వస్తానే" అన్నారు. ఏ గడియారం ప్రకారమో! రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. మాటా మాటా పెరిగింది. ఈ ఉదయమే విడిపోయాం. ప్రాణం హాయిగా ఉంది.

ఇట్లు,
నీ అక్క

తా.క. ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితమే చేయాల్సిన పని.

*

పూజ్యురాలైన అక్కకు తమ్ముడి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. "ఎవరైనా పోయారా?" అన్నారు మా వకీలుగారు. "లేదండీ, మా అక్క మా బావగారిని వదిలేసింది" అన్నాను. వకీలు గుమాస్తాగా ఇలాంటివి ఎన్నో చూశాను. తొందరపడకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

విధేయుడు,
తమ్ముడు

తా.క. బీరువా మనవాళ్ళు కొన్నది. అది మాత్రం వదులుకోవద్దు.

*

చిరంజీవి తమ్ముడికి,

నీ జవాబు ఇంకా చూడలేదు, కొండ కింద సత్రం చేరాకే అందుతుంది. నాకో రిటైరైన పోస్ట్‌మ్యాన్ తోడు దొరికాడు. ఏం నడకరా! గడియారాల వంక కన్నెత్తి చూడడు. నా సంచి కూడా తనే మోస్తున్నాడు. మీ బావ బీపీ మాత్రలు నా దగ్గరే ఉండిపోతే, వంతెన పక్క సత్రంలో ఇచ్చి, ఆయన వస్తే అందజేయమన్నాను.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఇలాంటివాడు ముందే దొరికుంటే ఎంత బాగుండేది!

*

అక్కా,

నమస్కారాలు తర్వాత పెడతాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మొదటిది తేలకుండానే రెండో మనిషా? చట్టం ఒప్పుకోదు! అందుకే నీ తరఫున విడాకుల నోటీసు టైపు చేసి, బావగారికి ఆ సత్రం చిరునామాకే పంపించేశాను. ఆయన నొచ్చుకోకుండా చివర్న "క్షేమమని తలుస్తాను" అని చేర్చాను.

నీ పరువు కాపాడుతున్న
తమ్ముడు

తా.క. నాకు మొదటి వాచీ ఇచ్చింది బావగారే. టైపు చేస్తుంటే ఏడుపాగలేదు. అయినా ఒక్క అక్షరం తప్పుపోలేదు.

*

ఒరేయ్ మొద్దూ,

నీ ఉత్తరాలు రెండూ కొండ కింద సత్రంలో ఒక్కసారే అందాయి. విడిపోయామంటే నడకలోరా! నేను ముందు, ఆయన వెనక. పోస్ట్‌మ్యాన్‌కి డెబ్బై ఆరేళ్ళు. ముందు నడిచిపోతున్న వాళ్ళావిడను అందుకోవాలని పాపం ఆ పరుగు.

నీ నోటీసు వచ్చేసరికి మీ బావ వంతెన పక్క సత్రంలో గడియారం విప్పుతున్నారట. చక్రాలన్నీ బల్లమీదే వదిలేసి బయల్దేరారు. మూడు రోజుల దారి రోజున్నరలో నడిచి నన్ను పట్టుకున్నారు. కాళ్ళనిండా బొబ్బలు. రొప్పుతూ కాగితం చూపించి, "ఎండలో నిలబెట్టినందుకేనా?" అన్నారు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఓ రాయిమీద కూర్చోబెట్టి మందు రాశాను.

"ఇక గడియారాల జోలికి పోనులే."

"పోండి. కానీ నన్నూ లోపలికి పిలిచి ఓ కుర్చీ వేయించండి."

కొండమీదకు కలిసే ఎక్కాం. అక్కడ దంపతులకు వేరే గది ఉంది కానీ, పెళ్ళయినట్టు కాగితం కావాలన్నాడు మేనేజరు. మా దగ్గరేముంది? నీ నోటీసే చేతికిచ్చాం. "చట్టబద్ధంగా వివాహమాడి, ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన దంపతులు" అన్నంత వరకు చదివి, లేచి నిలబడి తాళంచెవి ఇచ్చాడు.

ఇట్లు,
నీ అక్కా, బావా

తా.క. రెండో పేజీ చూపించలేదులే. దాన్ని మడిచి మీ బావ మంచం కోడు కింద పెట్టారు. ఇప్పుడు ఊగట్లేదు.