మీరు తవ్వమన్న గొయ్యి

ఏలూరు,
12 మార్చి 2006

హేమంత్‌కుమార్ గారికి నమస్కారమండి.

తివాచీల ఉన్నికి రంగులు వేసే మా షెడ్డుకు మీరు కాలుష్య నియంత్రణ ఆఫీసు తరఫున వచ్చి, వాడిన నీళ్ళు రోజూ కొలవమన్నారు. కొలిచాను. రంగునీళ్ళు కాలవలో పడి కొల్లేరు చేరుతున్నాయని, పెరట్లో ఇంకుడు గొయ్యి తవ్వమన్నారు. తవ్వాను. ఇప్పుడు కాలవలోకి చుక్క కూడా పోవడం లేదు. అందుకే పైవారం మీటింగులో నన్ను అందరికీ ఆదర్శంగా చూపిస్తానన్నారు.

దయచేసి వద్దండి. ముందు నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళను పంపించండి. పక్కింటి అజీజున్నీసా గారి బావిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. మొన్న చేదతో తోడి చూపించారు. అది గొయ్యిలోంచి ఇంకిన మా రంగేనండి, చూడగానే పోల్చుకున్నాను. ఆ పూటే పని ఆపేసి, ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"రంగు ఇప్పుడు కనపడింది గానీ బాబూ, ఎప్పట్నుంచి కలుస్తోందో ఏమో. మా కోడలు షిరీన్‌కి ఏడో నెల. ఆ నీళ్ళే తాగుతోంది. బిడ్డకేం కాదు కదా?" అన్నారు.

మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను. ఆవిడ రోజూ పొద్దున్నే గోడ దగ్గరికొచ్చి నిలబడుతున్నారండి.

ఇట్లు,
మీరు చెప్పినట్టే చేసిన
రంగుల షెడ్డువాడు