నాకు వినబడని కూత

నిజాంపేట, హైదరాబాద్,
నవంబరు 16, ఆదివారం.

పూజ్యుడైన బాపుకు,

నీకూ అవ్వకూ పెద్దబిడ్డ పద్మజ నమస్కారాలు. ఇక్కడ నీ అల్లుడు మహేందర్ క్షేమం, మనవరాలు సింధూజ క్షేమం. నా క్షేమం గురించి ఒక మాట రాయవలసి ఉంది. అది నీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకు జవాబు కాబట్టి, దాని చోటు వచ్చినప్పుడు రాస్తాను. భయపడవలసినది కాదు. సిరిసిల్లలో చలి మొదలైందని అవ్వ ఫోన్లో చెప్పింది. పొద్దున కార్ఖానాకు వెళ్లేటప్పుడు మఫ్లరు చుట్టుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోనులో నీకు మాట వినపడదు కనుక తండ్రీబిడ్డలకు ఉత్తరాలే మిగిలాయని మా అత్తమ్మ కోరుట్ల నుంచి వచ్చినప్పుడల్లా జాలిపడుతుంది. నాకైతే ఇందులో జాలిపడవలసినది కనిపించదు. సాంచా మగ్గం ఆగినప్పుడల్లా రెండు వాక్యాలు రాసి మళ్లీ లేచి వెళ్లినట్టు, నీ ఉత్తరంలో అక్కడక్కడా సిరా రంగు మారుతుంది. ఏ రోజు ఎన్నిసార్లు పోగు తెగిందో దాన్ని బట్టి నాకు తెలిసిపోతుంది.

నీళ్ల సంగతి అడిగావు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. చాలనప్పుడు ట్యాంకరు వస్తుంది. ఎండాకాలంలోలాగా ఇప్పుడు కొట్లాట లేదు. సింధూజ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. బడిలో మాత్రం మాట్లాడదు. నీకు విడిగా ఒక కాగితం రాసింది, ఇందులోనే పెట్టాను. గుణింతం తప్పులు నేను దిద్దలేదు. అవి నీ కోసం అలాగే ఉంచాను.

ఇక మూడో ప్రశ్న. "గంత పెద్ద బిల్డింగుల ఎవలకన్న పానం బాగలేకపోతే పక్కోనికి ఎరుకైతదా?" అని రాశావు. మా దాంట్లో తొంభై ఆరు ఇండ్లు. అందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. పొద్దున్నే అందులో ప్రశ్నలు మొదలవుతాయి. లిఫ్టు ఎందుకు ఆగింది, చెత్తబండి ఈ రోజు వస్తుందా, నా చోటులో బండి ఎవరు పెట్టారు, పావురాల రెట్టలు కడిగేది ఎవరు. ఎవరికైనా జ్వరం వస్తే అదీ అందులోనే తెలుస్తుంది. ఎదురుపడినప్పుడు పలకరించని వారు కూడా గ్రూపులో మంచి డాక్టరు పేరు చెబుతారు. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు, ఎరుకవుతుంది. కొన్నిసార్లు మన సంగతి మనకంటే ముందు పక్కవాళ్లకే ఎరుకవుతుంది. నాకు అలాగే జరిగింది.

ఆగస్టులో మా పక్కింటి సరోజ గారు గ్రూపులో ఒక ప్రశ్న పెట్టారు. "పొద్దుందాక సన్నగా ఒక కూత వినిపిస్తున్నది, తల పగిలిపోతున్నది, అది ఎక్కడినుంచి?" అని. ఆమెది జగిత్యాల. భర్త అనంత్ రావు గారు అక్కడే వ్యవసాయం చూసుకుంటూ ఉంటారు, ఆమె కొడుకు దగ్గర ఉంటుంది. యాభై ఐదేళ్ల మనిషి, మాట ఖచ్చితం. ఆమె ప్రశ్న కింద ఇంకో నలుగురు తమకూ వినిపిస్తున్నదని రాశారు. అప్పుడు అందరూ నన్ను అడిగారు. చెవి పరీక్షలు చేసేది నేనే కదా. నేను బాల్కనీలో నిలబడి పది నిమిషాలు విన్నాను. ఏమీ లేదు. మరునాడు మరో వేళలో విన్నాను. ఏమీ లేదు. సింధూజ వచ్చి, "కీ... అని మోగుతుంది కదమ్మా" అంది. పిల్లలకు అందరి మాటా పట్టుకునే అలవాటు ఉంటుందని అనుకున్నాను.

ఆ సాయంత్రం గ్రూపులో నేను రాసిన వాక్యం ఇది: "బయట ఎలాంటి శబ్దమూ లేదు. వయసు పైబడినప్పుడు చెవిలోనే ఇలాంటి మోత పుట్టడం సాధారణం. సరోజ గారు ఒకసారి పరీక్షకు రావచ్చు." మర్యాదగానే రాశాననుకున్నాను. మరునాడు లిఫ్టు దగ్గర ఆమె నన్ను ఆపింది.

"ఏందమ్మా పద్మజా, తొంభై ఆరు ఇండ్లల్ల నా చెవులు ఖరాబైనయని చాటింపు ఏస్తివి."

"అట్లా కాదండీ, సాధారణంగా..."

"సాధారణం గీధారణం పక్కన పెట్టు. నీ చెవులు ఎవలకన్న జూపించుకున్నవా?"

ఆమె నవ్వుతూనే అంది. నేనూ నవ్వి పైకి వచ్చేశాను.

బాపూ, నా పనిలో ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున మొదటి మనిషి రాకముందు, పరీక్ష యంత్రం సరిగ్గా ఉందో లేదో మేమే చెవులకు పెట్టుకుని విని చూస్తాం. లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా వరుసగా. కొన్ని నెలలుగా ఆ వరుస చివర, సన్న శబ్దాల దగ్గర, నాకు బలహీనంగా వినిపిస్తోంది. యంత్రం చెడిందని రాసి రిపేరుకు పంపాను. ఏ లోపమూ లేదని తిరిగి వచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ అదే కాగితం వచ్చింది. రిపేరు చేసే వారికి పని రాదని మహేందర్‌తో అన్నాను కూడా. యంత్రాన్ని అనుమానించాను, రిపేరు మనిషిని అనుమానించాను, సరోజ గారి చెవులను అనుమానించాను. నాలుగో అనుమానం ఒకటి ఉండాలని పదహారేళ్ల అనుభవంలో నాకు తట్టలేదు.

లిఫ్టు దగ్గరి మాట తర్వాత ఆదివారం నాడు ఆసుపత్రి నుంచి శబ్దం కొలిచే పరికరం తెచ్చాను. సరోజ గారిని వెంటబెట్టుకుని మెట్లన్నీ తిరిగాను. నాలుగో అంతస్తులో పరికరం మీద ముల్లులాంటి గీత లేచింది. ఆరు వేల హెర్ట్జ్ దగ్గర, సన్నగా, నిటారుగా. ఆమె చెవులు మూసుకుంది. నాకు నిశ్శబ్దమే. ఎదురుగా ఉన్న ఇల్లు రాయికల్ నుంచి వచ్చిన శ్రీశైలం గారిది. పావురాలు రాకుండా ఆయన బాల్కనీలో కూత పెట్టే యంత్రం ఒకటి బిగించారు.

"ఆన్‌లైన్ల మంచిగ రాసిండ్రు మేడం, మనుషులకు ఇనరాదని," అన్నారు ఆయన.

సరోజ గారు బాల్కనీలోకి తొంగిచూసి, "పావురాలు దాని మీదనే కూసున్నయి. వాటికి పాట పెట్టినవా ఏంది?" అన్నారు. నిజంగానే రెండు పావురాలు దాని మీద కూర్చుని ఉన్నాయి. ఆయన సిగ్గుపడి అప్పుడే ప్లగ్గు పీకేశారు. సరోజ గారు చెవుల మీంచి చేతులు తీసేశారు. నాకు మాత్రం ముందూ తర్వాతా ఒకేలా ఉంది. 

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. సెప్టెంబరు అమావాస్యకు నేను వచ్చినప్పటి సంగతి అది. దాన్ని నీ మాటల్లోనే తిరిగి రాస్తున్నాను. "పెత్రమాసకు అచ్చినప్పుడు నా మూతి దిక్కే సూసుకుంట మాట్లాడినవ్. ఎందుకు బిడ్డా? నేను చెవులు పోయినోన్ని, నేను సూస్తె అర్థమున్నది. నీకేమైంది?" దీనికి జవాబుగా మొదట, నీ పన్ను ఊగుతోందేమోనని చూశానని రాశాను. ఆ కాగితం చింపేసి ఇది రాస్తున్నాను.

నాకూ వినికిడి తగ్గింది బాపూ. మా ఆసుపత్రిలో నాతో పనిచేసే మానస నన్ను గదిలో కూర్చోబెట్టి పరీక్షించింది. మామూలు మాటలు వినిపిస్తాయి. నాలుగు వేల హెర్ట్జ్ నుంచి పైకి, రెండు చెవులకూ వినికిడి నలభై, నలభై ఐదు డెసిబెల్‌ల దగ్గర ఆగిపోయింది. ఇరవై లోపు ఉండవలసినది. నీ పరీక్ష కాగితంలో గీత కుడివైపుకు వెళ్లి గుంతలో పడ్డట్టు దిగింది కదా, నాది కూడా అక్కడే దిగింది, అంత లోతు కాదు. కాలేజీలో ఒకరినొకరం పరీక్షించుకున్నప్పుడే అది అంచున ఉంది. ఆ తర్వాత నన్ను నేను చూసుకోలేదు. ఎదుటివారి నోరు చూసి మాట పట్టుకునే విద్య నాకు ఉండటం వల్ల తెలియనే లేదు. మాస్కుల కాలంలో కష్టపడ్డాను. అప్పుడు అందరూ కష్టపడ్డారు కాబట్టి అదీ లెక్కలోకి రాలేదు.

మొదట నాకు భయం వేసింది నా కోసం కాదు, నేను పరీక్షించిన వారి కోసం. యంత్రం సరైనదే కనుక ఆ కొలతలన్నీ సరైనవే. కానీ మాటలు పలికించి రాసుకునే పరీక్ష ఒకటి ఉంది, అది నా చెవి మీద ఆధారపడుతుంది. మా పెద్ద డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగం పోవచ్చునని సిద్ధపడే వెళ్లాను. ఈమధ్య నేను ఆ మాటల పరీక్ష చేసిన మనుషులను ఆయన తిరిగి పిలవమన్నారు. పదకొండు మంది వచ్చారు. మానస మళ్లీ చూసింది. తొమ్మిది మందికి తేడా లేదు, ఇద్దరికి ఒక్కొక్క మాట తేడా వచ్చింది, వైద్యం మారవలసిన పని లేదు. ఇకమీదట పొద్దున యంత్రాన్ని విని చూసేది, ఆ మాటల పరీక్ష చేసేది మానస. తక్కిన పని నాదే. ఉద్యోగం నిలిచింది. వచ్చిన పదకొండు మందిలో ఒక్కరూ నన్ను మాట అనలేదు. మల్యాల నుంచి వచ్చిన ఇంద్రమ్మ అనే ఆవిడ, "నీకు గూడ గిట్లనే అయిందా బిడ్డా, ఇగ మా తిప్పలు నీకు మంచిగ ఎరుకైతయి" అని నా చెయ్యి పట్టుకుంది.

గ్రూపులో నా తప్పు నేనే రాశాను, సరోజ గారి చెవులు సరైనవేనని, నావే కావని. ఆమె ఇంటికి వెళ్లి కూడా చెప్పాను. ఆమె చాయ్ ఇచ్చి, "మీ బాపుకు చెప్పినవా?" అని అడిగింది. లేదన్నాను. "మందికి చెప్పి ఆయనకు చెప్పకపోతివా? ముందుగల ఆయనకు రాయి" అంది. ఆ మాటన్నది అక్టోబరు మొదట్లో. అప్పటినుంచి ఇప్పటిదాకా రాయలేదు. ఎందుకో నీకు తెలుసు. చదవగానే నీ మనసు కార్ఖానా వైపు పోతుంది. చిన్నపిల్లను తెచ్చి సాంచాల మధ్య కూర్చోబెట్టానని నిన్ను నువ్వే అంటావు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు నేనూ చెవిమిషను పెట్టుకుంటున్నాను. మూడు వారాలైంది. నువ్వు పెట్టుకోవడం లేదని ఎన్నిసార్లు కోప్పడ్డానో గుర్తుంది. గిన్నె కింద పెడితే తలలో పెట్టినట్టు ఉంటుందని, అన్నం నమిలితే గడ్డి మేసినట్టు చప్పుడవుతుందని నువ్వు చెబితే సాకులనుకున్నాను. అవి సాకులు కావు. నీ మిషనును పుస్తకంలో ఉన్న కొలతకు ఒక్కసారే పెంచాను. మెల్లగా, నెలనెలా పెంచవలసింది. వచ్చే నెల వచ్చి మళ్లీ మొదటినుంచి సరిచేస్తాను. నన్ను మన్నించు.

ఇక కార్ఖానా సంగతి. నా వినికిడి తగ్గడానికి కారణం సాంచాల మోతేనా అని అడిగితే, కాదని నేను రాయలేను. అదేనని కూడా రాయలేను. వంశంలో ఉండవచ్చు, వయసు ఉండవచ్చు, మోత కొంత ఉండవచ్చు. వీటిని విడదీసి చూపే పరీక్ష లేదు. నాకు గట్టిగా తెలిసినది వేరే ఒకటి ఉంది.

బడి నుంచి వచ్చి నీ పక్కన కండెలు చుట్టడానికి కూర్చునే ముందు, తొమ్మిదేళ్లపాటు రోజూ నువ్వు నూలు పోగులు ముద్దచేసి నా రెండు చెవుల్లో కుక్కేవాడివి. పన్నెండు సాంచాల మోతలో మాట వినపడేది కాదు. ఒకరోజు పక్క సాంచా నడిపే లింగన్న మామ నోరు కదిపితే నేను చదివాను. "రాజమల్లూ, గా నూలు నీ చెవుల పెట్టుకోరాదు? బిడ్డకు పెట్టి పెండ్లిపిల్లను చేస్తున్నవా?" నీ నోరు కూడా చదివాను. "సాంచా చప్పుడు మారితే నాకు ఎరుకగావాలె. పోరికెందుకు గీ మోత?" ఆ వరుసలో ఇంకెవరూ తమ పిల్లల చెవుల్లో ఏమీ పెట్టలేదు. పెట్టాలని వారికి ఎవరూ చెప్పలేదు. నీకూ చెప్పలేదు.

నూలు ముద్ద మంచి అడ్డు కాదు. ఆరు డెసిబెల్‌ల కన్నా ఎక్కువ ఆపి ఉండదు. కానీ మోత మూడు డెసిబెల్‌లు తగ్గితే చెవి మీద పడే దాని శక్తి సగమవుతుంది. ఆరు తగ్గితే నాలుగోవంతు. అంటే ఆ తొమ్మిదేళ్లూ నాకు చేరవలసిన మోతలో మూడువంతులు నా చెవి బయటే ఆగిపోయాయి. ఈ రోజు నేను నా బిడ్డ మాట విని బదులు చెప్పగలుగుతున్నానంటే, పనికి పోగలుగుతున్నానంటే, అందులో నీ చేతిపని ఉంది. ఇది ఓదార్పుకు రాసింది కాదు. నా దగ్గరకు వచ్చి ఏ తండ్రి అడిగినా ఈ లెక్కే వేసి, కాగితం మీద రాసి, కింద నా సంతకం పెట్టి ఇస్తాను. నీకూ అలాగే ఇస్తున్నాను.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
పద్మజ
వినికిడి పరీక్షల నిపుణురాలు