అమ్మ కొన్న ఫోర్‌వీల్ డ్రైవ్

2006 మే 13, శనివారం

ఇంకా నమ్మలేకపోతున్నాను. అమ్మ కొన్న క్యారవాన్, అదే కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, సెలవుల కోసమే అనుకుని, ఆక్లండ్ శివారు టకానినిలో కార్లు అమ్మే యార్డుకి వెళ్ళగానే అమ్మకి ఒక చిన్న ఎర్ర కారు చూపించాను.

"ఇది క్యారవాన్‌ని ఏం లాగుతుందే? మంచులో నాలుగు చక్రాలూ పట్టాలి."

"ఆక్లండ్‌లో మంచెక్కడిదమ్మా?"

"సౌత్ ఐలాండ్ కొండల్లో ఉంటుందిగా. అక్కడ ముసలివాళ్ళుండే రెస్ట్‌హోమ్‌లో నర్సు ఉద్యోగం ఒప్పుకున్నా. ఇల్లు దొరికేదాకా క్యారవానే నా కొంప."

"మరి నేను?"

"వెళ్ళిపోతా, వెళ్ళిపోతా అని రోజూ బెదిరించేదానివి నువ్వేగా! ఫ్లాట్ నీకే వదిలేస్తున్నా, ఏలుకో."

నవ్వుతూనే అంది.

చివరికి బరువైన ఫోర్‌వీల్ డ్రైవ్ కొనేసింది. అమ్మినతను రెండు తాళంచెవులు ఇచ్చాడు. ఒకటి నాకిస్తుందని అలవాటుగా చెయ్యి చాపాను. అమ్మ రెండూ తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని జిప్ లాగింది.