నారు చేతుల్లో ఉండగా చేసిన ప్రార్థన

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజే నాకు పరీక్ష. నెగ్గితేనే బైబిలు స్కూలు వాళ్ళు నన్ను పల్లెల్లో సేవకు పంపుతారు. కొడవలూరు పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళ చేత ప్రార్థన చేయించాలి. గట్టు మీద నిలబడి, "చేతులు జోడించి కళ్ళు మూసుకోండి" అన్నాను. అందరి చేతుల్లోనూ నారే!

"కళ్ళు మూసుకోని నాటేదెట్టమ్మే? నువ్వొచ్చి నాటు, చూద్దాం!" అని ఒకామె పకపకా నవ్వింది.

చీర ఎగగట్టి బురదలోకి దిగాను. నాటుతూనే, కళ్ళు తెరిచే, నువ్వు పని చేసుకుంటూ మాట్లాడినట్టే దేవుడితో మాట్లాడాను. అందరికంటే ముందు "ఆమేన్" అన్నది ఆ నవ్విన ఆమే!

"ఇట్టా ప్రార్థించేది ఎవరు నేర్పినారు?" అని, పరీక్ష పెట్టడానికి వచ్చి గట్టు మీద నిలబడ్డ మా టీచరమ్మ అడిగారు.

"మా అమ్మండీ. ఆమెకు అక్షరం రాదు."

నెగ్గానమ్మా! రేపు తరగతిలో అందరికీ నీ ప్రార్థన నేర్పమన్నారు.

నీ కూతురు