తారుమారైన రెండు కవర్లు

ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చెల్లని ఓట్ల కట్టలో ఉన్న మా అమ్మ ఉత్తరం నాకు ఇప్పించి, నా వద్దనున్న ఆమె ఓటును తమరు స్వీకరించుట గురించి.

1. మా అమ్మ ప్రాథమిక పాఠశాల టీచరు. వేరే ఊళ్లో పోలింగ్ డ్యూటీ పడినందున పోస్టులో ఓటు వేసినది. బయలుదేరే ముందు భోజనాల బల్ల మీద ఓటు కాగితం, నాకొక ఉత్తరం పక్కపక్కనే పెట్టుకుని, రెంటినీ ఒకే రకం కవర్లలో పెట్టి అంటించినది. ఒకటి పోస్టుకు వెళ్లినది. ఒకటి నా నిఘంటువులో పెట్టినది.

2. ఊరెళ్లినప్పుడల్లా నాకు ఉత్తరం రాసిపెట్టడం ఆమె అలవాటు. దాని చివర ఒక కొత్త పదం ఉంటుంది. ఆమె తిరిగొచ్చి చెప్పులు విప్పేలోగా నేను దాని అర్థం అప్పజెప్పాలి.

3. పోలింగ్ మర్నాడు తిరుగు ప్రయాణంలో బస్సు బోల్తాపడి ఆమె మరణించినది. ధ్రువపత్రం నకలు జతపరచడమైనది.

4. వారం తర్వాత నిఘంటువులోని కవరు తెరిచాను. లోపల ఓటు కాగితం ఉంది. మడత విప్పలేదు. ఓటు రహస్యమని ఆమె తరగతిలో చెప్పిన పాఠం నేనూ విన్నాను.

5. లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్న ఆమె తోటి మాస్టారు ఇంటికొచ్చి, "మీ అమ్మ పంపిన కవర్లో ఓటు లేదమ్మా. నీకు రాసిన ఉత్తరముంది. ఆ చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. చెల్లదని పక్కన పెట్టేశాం," అన్నారు.

6. మా నియోజకవర్గం ఒక్క ఓటు తేడాతో తేలినది. పూర్తి మెజారిటీ లేని ప్రభుత్వం ఆ ఒక్క సీటును పట్టుకుని నిలబడి ఉన్నది. మాస్టారి మాట ఎలాగో పొక్కినది. ఓడినవారు వచ్చి, "మీ అమ్మ మా మనిషేనమ్మా, ఆ కాగితం ఇటివ్వు," అన్నారు. గెలిచినవారు వచ్చి, "బయటికి తియ్యకు తల్లీ, ప్రభుత్వమే పడిపోతుంది," అన్నారు. మా అమ్మమ్మ కుర్చీలోంచి లేవకుండానే, "అది బదిలీ కోసం పది అర్జీలు పెడితే ఒక్కడూ తొంగిచూడలేదు. పోయాక అందరికీ చుట్టమైపోయింది," అన్నది.

7. ఆ ఓటును లెక్కించమని నేను కోరడం లేదు. కవరుకు మళ్లీ జిగురు రాసి, ఇందుతో పంపుచున్నాను. బదులుగా నా ఉత్తరం నాకు ఇప్పించగలరు.

ఈ విన్నపమును దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
టీచరుగారి అమ్మాయి

తా.క. ఓడినవారు వేసిన కోర్టు కేసు తేలేదాకా కట్ట విప్పకూడదని, తేలాక కాగితాలన్నీ తగలబెడతారని మీ గుమాస్తాగారు చెప్పారు. అలాగైతే ఉత్తరం ఇవ్వకపోయినా సరేనండి. కట్ట విప్పిన రోజున ఎవరైనా ఆ చివరి పదం చూసి చెప్పండి. అర్థం నేనే వెతుక్కుంటాను.