గది ముందు ఆగిన కార్లు

ఓర్వకల్లు
ఫిబ్రవరి 3, సోమవారం
పొద్దున మంచు, తొమ్మిదికల్లా ఎండ. ఎద్దుల తొట్టి కడిగాను.

చిరంజీవి వాసుదేవ్‌ను బావ కంబన్న దీవించి రాసేది,

ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే నా నుంచి మూడు ‘ఊ’లు తప్ప రావడం లేదని, ఇక మీదట ఉత్తరాలు రాయమని అన్నావు. మంచిదే. అడిగినదానికి జవాబు రాస్తాను.

కడపలో ఫ్లాట్ కొనడానికి ఇక్కడ రోడ్డు పక్కన ఉన్న నీ బండల గది అమ్మాలనుకుంటున్నావు. విమానాశ్రయం వచ్చింది, ఫ్యాక్టరీలు వస్తున్నాయి, ధర ఎలా ఉందో చూడమన్నావు. ధర సంగతి నాకు తెలియదు. గది ముందు ఎన్ని కార్లు ఆగుతున్నాయో చూడమన్నావు, చూశాను. శనివారం తొమ్మిది, ఆదివారం పద్నాలుగు. అందరూ దిగారు. అరగంట ఉండి, చేతులు కడుక్కుని పోయారు.

ఇట్లు,
కంబన్న

తా.క.: మీ అక్క తిరుపతమ్మ ఒక మాట రాయమంది. “ఆ రూము అమ్మేది వద్దని రాయి. ఆడ నాకు శానా పనుండాది.” ఏం పనో నువ్వు అడగలేదు కాబట్టి రాయడం లేదు.

*

కడప
ఫిబ్రవరి 10

బావకు నమస్కారాలు.

పద్నాలుగు! నీ ఉత్తరం పట్టుకుని మా కాలేజీ ఆఫీసంతా తిరిగాను. నా పక్క సీటు అవినాష్‌కు ప్లాట్ల వ్యాపారం బాగా తెలుసు. “స్థలం సూసేవాళ్లు ఎండ ముదరకముందే వస్తారు సార్. చేతులు కడుక్కున్యారంటే మట్టి పట్టి సూసినారని అర్థం. ఇంగా ఏం ఆలోచిస్తాండారు? పక్క జాగా గూడా పట్టేయండి!” అన్నాడు.

గది ఎనిమిది లక్షలనుకున్నాను. ఇప్పుడు పన్నెండు. వచ్చినవాళ్లే మళ్లీ వస్తున్నారా? ఇంట్లోవాళ్లను తెస్తున్నారా? పక్కనున్న రాళ్ల జాగా ఈరప్ప అమ్ముతాడా? మూడింటికీ జవాబు రాయి.

అక్క పని అంటే శనక్కాయల బస్తాలు పెట్టుకోవడమే కదా. వాటికి మీ వసారా చాలదా?

నీ బామ్మర్ది,
వాసుదేవ్

తా.క.: మా ఆవిడ పద్మప్రియ ఫ్లాట్‌కు కర్టెన్లు కొనేసింది. ఫ్లాట్ ఇంకా కొనలేదు.

*

ఓర్వకల్లు
ఫిబ్రవరి 17, సోమవారం
గాలి ఎక్కువ. కందులు తూర్పారబట్టాను.

చిరంజీవి వాసుదేవ్‌కు,

మూడింటికీ జవాబు. వచ్చినవాళ్లే మళ్లీ వస్తున్నారు. డోన్ నుంచి ఒకాయన మంగళవారం ఒక్కడే వచ్చాడు. గురువారం భార్యను తెచ్చాడు. ఆదివారం అత్తమామలను తెచ్చాడు. ఆ పెద్దావిడ వెనక పొయ్యి దగ్గరకు కూడా పోయి చూసింది.

ఈరప్పను అడిగాను. “ఆ రాళ్లకు దుడ్లిస్తాడా? మీ బామ్మర్దికి ఒంట్లో బాగుండాదా?” అన్నాడు. అమ్ముతాడు.

నిన్న ఇరవై రెండు కార్లు. చోటు చాలక ఇద్దరు పోట్లాడుకున్నారు. “నేను ముందొచ్చినా!” “పోప్పా, నేను ఆరింటి నుంచి ఈడే ఉండా!”

ఇట్లు,
కంబన్న

తా.క.: గదిలో ఉన్నవి శనక్కాయలు కావు.

*

కడప
ఫిబ్రవరి 24

బావకు నమస్కారాలు.

అత్తమామలను తెచ్చాడంటే కొనడానికే! పెద్దావిడ పొయ్యి దగ్గరకు పోయిందంటే వాస్తు చూడటానికే! నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

శుక్రవారం కర్నూలు వచ్చి ఈరప్ప జాగా రిజిస్ట్రేషన్ చేయించుకుని వెంటనే వెనక్కి వచ్చేశాను. ఫ్లాట్‌కు దాచిన అడ్వాన్సంతా దానికే పెట్టాను. గది ధర ఇప్పుడు పద్దెనిమిది. ఉగాదికి పాతిక అవుతుందని అవినాష్ అంటున్నాడు. వచ్చినవాళ్లను నేరుగా అడుగు, కొంటారా లేదా అని.

గదిలో శనక్కాయలు కాకపోతే కందులు. ఏవైనా సరే, నెలాఖరుకు ఖాళీ చేయించు. అక్కకు కోపం వస్తే నా పేరు చెప్పు. ఈ ఆదివారం నా తరఫున ఒక మనిషి వచ్చి చూసి పోతాడు. పేరు చెప్పడు. మార్కెట్లో అలాగే చేయాలట.

నీ బామ్మర్ది,
వాసుదేవ్

తా.క.: పద్మప్రియ నాతో మాట్లాడటం లేదు. కర్టెన్లు మాత్రం రోజూ విప్పి మడతపెడుతోంది.

*

ఓర్వకల్లు
మార్చి 12, బుధవారం
ఎండ ముదిరింది. ఈరప్ప జాగాలో రాళ్లు ఏరి ఒక పక్కన పేర్చాను.

చిరంజీవి వాసుదేవ్‌కు,

రెండు వారాలు దాటినా నీ నుంచి ఉత్తరం లేదు. అడగకుండా రాయడం నాకు ఇదే మొదలు.

నువ్వు పంపిన మనిషి ఆ ఆదివారం వచ్చాడు. టోపీ, మాస్కు, నల్లద్దాలు. నేను ప్లేట్లు కడుగుతూ సరిగా చూడలేదు. అందరితో పాటు బల్ల మీద కూర్చుని, మాస్కు కిందికి లాగి రెండు ప్లేట్లు బొరుగుల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. మీ అక్క లోపలి నుంచి చూసి, “ఎర్రగడ్డలు ఏరి పక్కన పెడ్తాండాడు సూడు. వాడు మా తమ్ముడే,” అంది. ఉల్లిపాయలు నీకు చిన్నప్పటి నుంచీ పడవు కదా. పిలవనా అని అడిగితే, “వద్దు, సిగ్గుపడ్తాడు. తిననీ,” అంది. నువ్వు ఇంకో మూడు పొట్లాలు కట్టించుకుని కారెక్కావు.

కార్లు ఎందుకు ఆగుతున్నాయో నీకు ఇప్పుడు తెలిసింది. డిసెంబరు నుంచి మీ అక్క ఆ గదిలో ఉగ్గాని, బజ్జీ చేస్తోంది. తన చేతిలో ఒక పని ఉండాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. నీకు ముందే రాయకపోవడం నా తప్పు. నువ్వు చెప్పినట్టు అందరినీ అడిగాను, గది కొంటారా అని. “రూమెందుకు పెద్దాయనా? ఉగ్గాని అయిపోయిందా ఏమి, అది చెప్పు!” అన్నారు.

అయినా ఇక్కడి జాగాకు గిరాకీ ఉందన్న నీ మాట ఒక రకంగా నిజమైంది. ఫ్యాక్టరీలో ఇంజనీరు హర్షవర్ధన్ రోజూ ఇక్కడే తింటాడు. “కర్నూలు నుంచి తిరగలేక సస్తాండాం. ఈడ రెండు రూములు కట్టండి పెద్దాయనా, మేము నలుగురం వస్తాం. పొద్దున్నే ఉగ్గాని అందితే సాలు,” అన్నాడు. ఈరప్ప జాగాలో కట్టవచ్చు. పునాదికి రాళ్లు అక్కడే ఉన్నాయి. వాళ్ల అద్దె, మీ అక్క ఇక మీదట గదికి ఇచ్చే అద్దె కలిపితే నీ ఫ్లాట్ కంతు కట్టుకోవచ్చు. గది అమ్మవద్దు. ఈసారి ఈ మాట నేను కూడా అంటున్నాను.

ఇట్లు,
కంబన్న

తా.క.: నిన్న పద్మప్రియ మీ అక్కకు ఫోన్ చేసింది. “ఆ మూడు పొట్లాలు కాలేజీలో ఇచ్చినానని చెప్పినారు గానీ, తినింది ఈయనొక్కడే వదినా. ఈ ఆదివారం నేనూ వస్తాండా. మాస్కు దాసిపెట్నా,” అంది. కాబట్టి ముఖం చూపించుకుని రా. మీ ఇద్దరికీ బల్ల చివర చోటు ఉంచుతాను. ఇప్పుడే ఇంకో కారు ఆగింది, అయిదుగురు దిగారు, మీ అక్క పిలుస్తోంది. బొరుగులు నానబెట్టాలి, ఉంటాను.