ఉప్పు చల్లిన వస్తాదు

అల్ఫారెట్టా, జార్జియా
14 అక్టోబరు 2012

బావగారు వీరభద్రం గారికి,

మీ వియ్యంకుడు యాదయ్య దండాలు పెట్టి రాస్తున్నాడు. చెల్లెమ్మకు బీపీ అదుపులోకి వచ్చిందని తలుస్తాను. మీ అమ్మాయి రేణు ఎప్పటిలాగే ఆఫీసుకీ ఇంటికీ మధ్య కారులో పరుగు. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకోకండి. కొన్ని సంగతులు నింపాదిగా చదువుకోవాలి. పైగా వరంగల్ తాలీంఖానాలో మట్టి పూసుకుని కుస్తీ పట్టిన మీకు కాక ఇది ఇంకెవరికి చెప్పను?

పోయిన నెల ఒకరి కోసం ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ వరండాలో రెండు కుర్చీల నిండా కూర్చుని ఉన్నాడొక మనిషి. కొండంత ఒళ్లు, కళ్లలో నీళ్లు. పేరు తెత్సువో, జపాన్ వాడు. నేను జనగామ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేశానని చెప్పగానే కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి మాట బాగా కలిసింది.

చేపలు పట్టే కుటుంబమట. పదిహేనో ఏట సుమో కుస్తీ నేర్పే ఇంట్లో చేరాడు. పెద్దవాళ్లకు వండిపెట్టి, వీపులు తోమి, వాళ్లు తిన్నాక మిగిలింది తిని పైకొచ్చాడు. పేరు మోసే వేళకు మోకాలు విరిగింది. సుమో మానేసిన రోజున నెత్తి మీది ముడి కోస్తారట. అందరూ తలా కాస్త కోశాక తండ్రి కత్తెర అందుకుని, కోసే ముందు కొడుకు తల ఒకసారి నిమిరాడట. అది చెబుతూ తన తల తడుముకున్నాడు.

తర్వాత అమెరికా చేరి, టీవీల్లో చూపించే ఆట కుస్తీలో దిగాడు. అందులో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఇతనికి దుర్మార్గుడి వేషం ఇచ్చారు. ఎదుటివాడి కళ్లలో ఉప్పు కొట్టాలి, జనం ఛీ కొట్టాలి. సుమోలో ఉప్పు చల్లేది బరిని శుద్ధి చేయడానికి బావగారూ. మొదటిసారి అలా కళ్లలో కొట్టిన రోజు గదికి వెళ్లి అన్నం ముట్టలేదట. అయినా ఏళ్ల తరబడి ఆ వేషమే కట్టాడు.

మొన్న ఆగస్టు ఆఖర్లో ముసుగు తొడుక్కున్న ఒక కొత్తవాడితో ఆట. ఆ కుర్రవాడు తాళ్ల మీది నుంచి దూకుతూ పట్టు తప్పి మెడ మీద పడ్డాడు. అనుకున్న ప్రకారం తెత్సువో వాడి మీద కూలబడి ఆట ముగించాలి. కానీ కుర్రవాడి వేళ్లు కదలకపోవడం చూశాడు. ఆ విరిగిన మోకాలి మీదే కూర్చుని, రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకుని, డాక్టరు కోసం కేకలు పెట్టాడు. ఇదీ నాటకమే అనుకుని జనం గ్లాసులు విసిరారు. పడు, మీద పడు అని కంపెనీ యజమాని కింది నుంచి అరిచాడు. ఇతను కదల్లేదు. స్ట్రెచర్ వచ్చాక కుర్రవాణ్ని తీసుకెళ్లారు గానీ ఇతను లేవలేకపోయాడు. అప్పుడు అర్థమైంది జనానికి. హాలంతా లేచి నిలబడింది.

ఆట చెడగొట్టాడని ఆ వారమే ఉద్యోగం తీసేశారు. ఆ రోజు మెడ ఇంకాస్త కదిలి ఉంటే కుర్రవాడు జన్మంతా మంచం మీదే ఉండేవాడని డాక్టర్లన్నారు. ఉద్యోగం పోయినందుకు బాధ లేదా అని తెత్సువోను అడిగాను. “సార్, ఇన్నేళ్లకు ఆ రోజు నిజం కుస్తీ చేశాను” అన్నాడు. ఇప్పుడు అట్లాంటా శివారులో టైర్ల షాపు వెనక షెడ్డులో, దెబ్బ తగలకుండా ఎలా పడాలో పిల్లలకు నేర్పుతున్నాడు. మొన్న ఆదివారం మా ఇంటికి పిలిచాం. రేణు వండిన పప్పుచారు కుండ ఖాళీ చేసి, మీ అమ్మాయికి నడుము వంచి నమస్కారం చేశాడు. రేణు లోపలికి పోయి చాలాసేపు ఏడ్చింది.

మందులు మానకండి.

మీ
యాదయ్య

తా.క.: బావగారూ, ఆ ముసుగు కుర్రవాడు మీ మనవడు అనుదీప్. శనివారాలు ఫ్రెండ్స్‌తో తిరుగుతున్నాడనుకున్నాం. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేదాకా రేణుకే తెలియదు. మీరు గుండెకు స్టెంటు వేసిన మనిషి అని, వాడు లేచి నడిచేదాకా మీకు చెప్పవద్దనుకున్నాం. ఇప్పుడు నడుస్తున్నాడు, చేతులు ఆడుతున్నాయి. వాడికి తెలుగు రాయడం రాదు కదా, పక్కన కూర్చుని ఈ ఒక్క మాట నాచేత రాయిస్తున్నాడు: “తాతా, నీకు ఫస్ట్ టైమ్ దెబ్బ తగిలాక మళ్లీ వెళ్లడానికి భయం అయిందా?”

జవాబు వాడికే చెప్పండి.